గొర్రె అడుగు పడని రెండెకరాలు

మా ఊళ్లకి పైనున్న గ్రౌసాండుర్ కొండమీది ఉమ్మడి మేతభూమిలో ఎటు చూసినా నల్ల గులకరాళ్లే. గాలి వీచిందంటే ఉన్న నాలుగు గుప్పెళ్ల మన్నూ లేచి సముద్రం దారి పడుతుంది. అంత బోడినేల మధ్యలో కంచె వేసిన రెండెకరాల ముక్క ఒకటి మాత్రం పచ్చగా నిగనిగలాడుతూ ఉండేది. ఆ ముక్క స్తుర్లాది. అంటే భూమి అతనిది కాదు, కంచె అతనిది. మనిషికి పేరు రావడానికి ఒక్కోసారి కంచె చాలు.

స్తుర్లా నేల మీదా, మొక్కల మీదా పరిశోధన చేసే శాస్త్రవేత్త. గొర్రెలు మేయకపోతే ఈ కొండ ఏమవుతుందో చూద్దామని ఇరవై ఏళ్ల కిందట ఆ కంచె వేయించి, "పరిశోధన స్థలం. గొర్రెలకు ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టాడు. చదువుకున్న గొర్రెలు మా దగ్గర కూడా లేవు గానీ, కంచె గట్టిది కాబట్టి సరిపోయింది. ఏటా జులైలో వచ్చి డేరా వేసుకుని, మోకాళ్ల మీద పాకుతూ, కంచె లోపల ఎన్ని మొక్కలున్నాయో బయట ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకునేవాడు. లోపల ప్రతి ఏడూ పెరిగేవి. బయట ప్రతి ఏడూ తరిగేవి. స్తుర్లా మోకాళ్లు అరిగాయి, పేరు పెరిగింది.

ఫలితం బాగుండటం ఒక ఎత్తు, మరీ బాగుండటం ఇంకో ఎత్తు. దేశంలో మిగతావాళ్లు వేసిన కంచెల్లో ఇన్నేళ్లకీ వేలెడు నాచు కూడా పట్టలేదు. ఇతని కంచెలో గడ్డి మోకాలెత్తు లేచింది. ఈ మట్టికి ఇంత సత్తువ ఎక్కడిదని తోటివాళ్లు ఒకరిద్దరు కుళ్లుకుంటూనే అడిగారు. స్తుర్లా గడ్డం గోక్కుని, "నేలకి జ్ఞాపకం ఉంటుంది" అని ఒక సిద్ధాంతం అల్లాడు. గొర్రెల పీడ వదిలితే నేల తన మంచి రోజులు గుర్తు తెచ్చుకుని, తనంతట తనే బలం పుంజుకుంటుందట. ఊళ్లో ఇళ్ల పక్క పొలాల్లో చల్లే మేతగడ్డి కంచెలో మొలిస్తే, అది ఈ దేశానికి వచ్చిన తొలి వలసదారులు వెయ్యేళ్ల కిందట తెచ్చిన విత్తనమేనని, ఇన్నాళ్లూ మట్టిలో నిద్రపోయి ఇప్పుడు లేచిందని చెప్పాడు. కోపెన్‌హాగన్‌లో శాస్త్రవేత్తల సభలో ఈ మాట అంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఒకట్రెండు జులైల్లో కంచె లోపల ఎండిన గుర్రపు పేడ కనిపించింది. ఇది టూరిస్టుల పనేనని స్తుర్లా మండిపడ్డాడు. వాళ్లని గుర్రాల మీద తిప్పే కంపెనీకి ఘాటుగా ఉత్తరం రాసి, ఆ పేడని ఏరి కంచె అవతల పారేసి, తన లెక్కల్లోంచి కూడా పారేశాడు. చలికాలం మంచుకీ గాలికీ కూలిపోవాల్సిన కంచె జులై వచ్చేసరికి నిటారుగా నిలబడి ఉంటే, ఇది నార్వే కలప గొప్పతనమని పొంగిపోయాడు. కలప అమ్మినవాణ్ణి తన వ్యాసంలో మెచ్చుకున్నాడు కూడా.

ఒక్క సెప్టెంబర్‌లో వచ్చి చూసి ఉంటే కథ అక్కడితో తీరిపోయేది. కానీ సెప్టెంబర్‌లో యూనివర్సిటీ తెరుస్తారు. పైగా ఆ నెలలో మా కొండమీద వాన పైనుంచి కాదు, పక్కనుంచి కురుస్తుంది. ఆ వానలోనే మా ఊళ్లవాళ్లంతా గుర్రాలెక్కి, వేసవంతా కొండమీద వదిలేసిన గొర్రెల్ని వెతికి, పోగుచేసి, పాడుకుంటూ కిందకి తోలుకొస్తారు. అందులో స్తుర్లాకి ఆసక్తి లేదు. అసలు గొర్రెలంటేనే అతనికి గిట్టదు.

ఇరవయ్యో ఏట మాత్రం సెప్టెంబర్‌లో రాక తప్పలేదు. గ్రౌసాండుర్ మీద గొర్రెల్ని పూర్తిగా నిషేధించాలా వద్దా తేల్చడానికి రాజధాని నుంచి యోరున్ అనే అధికారిణి బయల్దేరింది. ఆమె సరేనంటే నిషేధం ఖాయం. దాంతోపాటే నేలని బాగుచేయడానికి కొత్త సంస్థ ఒకటి పెడతారు, దానికి డైరెక్టర్ స్తుర్లా. ఆమె చూడాల్సింది ఒక్కటే, ఆ రెండెకరాల పచ్చముక్క. ఆమెకి తీరిక దొరికింది సరిగ్గా గొర్రెల్ని తోలే వారంలోనే.

"ముందే చెబుతున్నాను, అక్కడి వాళ్లు మోటు మనుషులు" అన్నాడు స్తుర్లా జీపులో. "నిషేధం మాట రేడియోలో వచ్చినప్పటినుంచీ నా మీద కారాలూ మిరియాలూ నూరుతూ ఉంటారు. గుడిసెలోకి కూడా రానివ్వరేమో."

గుడిసె కంచెకి కూతవేటు దూరంలో ఉంటుంది. గొర్రెలు తోలేవాళ్లు రాత్రిళ్లు పడుకునేది అందులోనే. తలుపు తట్టకముందే తెరుచుకుంది. గరిటె చేత్తో పట్టుకునే ఎదురొచ్చింది వంటమనిషి ఫిన్నా.

"స్తుర్లానే! నిజంగా స్తుర్లానే వచ్చాడు! ఇన్నేళ్లకి దారి తెలిసిందా నీకు? బూట్లు విప్పి రా, నేల ఇప్పుడే తుడిచాను. ఈ పిల్లెవరు? పాపం, వణికిపోతోంది. కూర్చో తల్లీ, మాంసం పులుసు పొయ్యి మీదే ఉంది."

స్తుర్లా బిత్తరపోయాడు. ఇంతలో దండుకంటే ముందు గుర్రం దిగి వచ్చాడు ఇల్లుగి. ఫిన్నాకి అన్న. గొర్రెలు తోలే దండుకి నాయకుడు, అంటే మా భాషలో కొండరాజు. కొండమీద ఉన్నన్ని రోజులూ అతని మాటే చెల్లుతుంది. కొండ దిగితే ఇంట్లో చెల్లెలి మాట చెల్లుతుంది. అతను తడిచేతులు రెంటితోనూ స్తుర్లా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఇరవై ఏళ్లుగా చెప్పాలనుకుంటున్నా నాయనా. నువ్వు మాకు చేసిన మేలు మా తాతలు కూడా చెయ్యలేదు."

"నా పని నేను చేశాను, అంతే" అన్నాడు స్తుర్లా.

"చూశావా, ఆ అణకువ! నీ మీద మేం పాట కూడా కట్టాం. భోజనాలయ్యాక పాడతాం. మొదటి రెండు చరణాలూ ఆడవాళ్ల ముందు పాడొచ్చు."

"మిగతావి నేను కట్టాను" అంది ఫిన్నా.

ఇల్లుగి ముక్కుపొడి డబ్బీ తీసి ముందు స్తుర్లాకి అందించాడు. ఆ మర్యాద కొండమీద ఇంకెవరికీ దక్కదు. స్తుర్లా ఇంత పొడి పీల్చి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ యోరున్ వైపు వంగాడు. "చూశావా? సైన్స్ నెమ్మదిగా ఎక్కుతుంది. ఎక్కడం మాత్రం ఎక్కుతుంది" అన్నాడు గొంతు తగ్గించి.

"గొర్రెల్ని ఆపేస్తారని ఏదో అంటున్నారు రేడియోలో" అంది ఫిన్నా, పులుసు వడ్డిస్తూ. "మా ఇంట్లో ఉన్నవే గొర్రెలు. అవి పోతే మేం తినేదేమిటి, మా అన్న పాటలా?"

"ఇంకా ఏమీ తేలలేదు" అన్నాడు స్తుర్లా గిన్నెలోకి చూస్తూ.

"ఊరుకో ఫిన్నా" అన్నాడు ఇల్లుగి. "స్తుర్లా ఉండగా మనకేం భయం? మన మనిషి."

ఆ మాట విన్నాక స్తుర్లా పులుసులోని ముల్లంగి ముక్కని గిన్నె అంచుకి నెట్టేశాడు. బయట డెక్కల చప్పుడు వినిపించింది. గాలి పీల్చుకుందామని లేచి వెళ్లాడు.

వెలుతురు ఇంకా ఉంది. దండు వాలు దిగి వస్తోంది. అన్నిటికంటే ముందు, మనిషి ఎవరూ ఎక్కని ఒక తెల్ల గుర్రం నడుస్తోంది. అది గుడిసె వైపు చూడను కూడా చూడకుండా తిన్నగా కంచె దగ్గరకి వెళ్లి, గేటు కర్రని నుదుటితో రెండుసార్లు పొడిచి, 'ఇంకా తియ్యరేం' అన్నట్టు నిలబడింది. ఎవరో దిగి గేటు తీశారు. జీన్లు విప్పగానే నలభై గుర్రాలు బారులు తీరి లోపలికి నడిచాయి. కొత్త చోటికి వెళ్లే జంతువు వాసన చూస్తుంది, చెవులు రిక్కిస్తుంది. ఇవి అదేమీ చెయ్యలేదు. సొంత ఇంట్లో మంచమెక్కినట్టు, వెయ్యేళ్లు నిద్రపోయి లేచిన ఆ గడ్డి మీద వెల్లకిలా పడి దొర్లాయి. వెనకే ట్రాక్టర్ వచ్చింది. దానిమీదనుంచి ఎండుగడ్డి మోపులు విప్పి కంచెలోకి విసిరారు. విత్తనాలు పొగలా లేచాయి.

"ఏమిటిది?" అన్నాడు స్తుర్లా.

"ఏముంది, పడుకుంటున్నాయి" అన్నాడు వెనకే వచ్చిన ఇల్లుగి. "నీ కంచె లేనప్పుడు మా బతుకేమిటో నీకేం తెలుసు! రాత్రంతా వంతులేసుకుని వానలో గుర్రాలకి కాపలా. ఓసారి మంచు తుఫానులో అన్నీ తప్పించుకుని ఇళ్లకి పోయాయి. వాటి వెనక మేం గొర్రెల్ని తోలుకుంటూ నడిచి వెళ్లాం. ఊరంతా నవ్వింది. తరవాతి ఏడు వచ్చి చూస్తే, కంచె! ఎవడో పట్నంవాడే గానీ గుర్రాల బాధ తెలిసినవాడు అనుకున్నాం."

"ప్రతి ఏడూ... వస్తున్నారా?"

"ఒక్క ఏడు తప్పితే ఒట్టు. ఒక్కోసారి మూడు రాత్రులుంటాం. మేమూ ఊరికే వాడుకోలేదులే. కూలిన కర్రలన్నీ ఏటా మేమే మార్చాం. నీ నార్వే కర్రలు ఉత్త పుచ్చు సరుకు నాయనా, నిన్నెవరో మోసం చేశారు."

"బోర్డు చూడలేదా మీరు?"

"చూడకేం? గొర్రెలకి ప్రవేశం లేదని. ఒక్క గొర్రెని అడుగుపెట్టనిచ్చామా? ఒకసారి మావాడి కుక్క పొరపాటున పొట్టేలు ఒకదాన్ని లోపలికి తోలింది. స్తుర్లా మాట పోతుందిరా అని నలుగురం పడి దాన్ని మోసుకొచ్చి బయట పడేశాం." ఇల్లుగి అతని వీపు తట్టి, తన గుర్రం జీను విప్పడానికి వెళ్లాడు.

స్తుర్లా తన లెక్కలన్నీ ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. నేల జ్ఞాపకం అంటే పేడ. వెయ్యేళ్ల విత్తనం అంటే పోయినేడు ఇల్లుగి పొలంలో కోసిన ఎండుగడ్డి. నార్వే కలప అంటే ఇల్లుగి సుత్తి. కోపెన్‌హాగన్‌లో లేచి నిలబడ్డ జనం అంతా వరసగా కళ్ల ముందు కూర్చున్నారు.

"అబ్బ, ఎంత బాగుందో!" గుడిసెలోంచి యోరున్ వచ్చింది. మెడలో కెమెరా. నల్లటి రాళ్ల మధ్య పచ్చటి ముక్క, దాని మీద సాయంకాలపు వెలుగు, వెలుగులో గుర్రాలు. "ఇవి కూడా పరిశోధనలో భాగమేనా?"

చెప్పడానికి అదే సమయం. 'కాదు, నా పరిశోధనే వీటిలో భాగం' అంటే సరిపోయేది. గుమ్మంలో ఫిన్నా గిన్నె తుడుస్తూ నిలబడి ఉంది.

"అబ్బే, లేదు" అన్నాడు స్తుర్లా. "ఇవాళ ఒక్క రాత్రికే. నా అనుమతితో. పాపం, అలిసిపోయాయని."

"మంచి మనసు నీది" అని యోరున్ ఫోటో తీసింది. గుమ్మంలో గిన్నె తుడిచే చెయ్యి ఆగిపోయింది.

భోజనాల దగ్గర స్తుర్లా తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. కంచె బయట నేల చచ్చిపోతున్న మాట అబద్ధమా? కాదు. గొర్రెలు దాన్ని పీక్కు తింటున్న మాట అబద్ధమా? అదీ కాదు. ఆ రెండూ నిజమే, ఇల్లుగికి కూడా తెలిసిన నిజమే. నిజం చెబితే నేల చస్తుంది, నోరు మూసుకుంటే నేల బతుకుతుంది. కాబట్టి నేల కోసం నోరు మూసుకోవాలి. మధ్యలో తనకి డైరెక్టర్ పదవి రావడం కేవలం కాకతాళీయం. అంతటి త్యాగం చేశాక ఆకలేసి ఇంకో గిన్నె పులుసు పోయించుకున్నాడు. అందరూ కలిసి అతని మీద కట్టిన పాట పాడారు. ఫిన్నా ఒక్కతే పాడలేదు.

వసంతంలో నిషేధం వచ్చింది. ఊరి హాల్లో సభ పెట్టి, కాఫీ, కేకులు ఏర్పాటు చేసి, స్తుర్లాని వేదిక మీద కూర్చోబెట్టారు. అతని తల వెనక గోడమీద యోరున్ తీసిన ఫోటో, తలుపంత సైజులో. కింద "నేల గుర్తుపెట్టుకుంటుంది" అని పెద్ద అక్షరాలు. గుర్రాలు బాగా వచ్చాయి.

ఇల్లుగి పండగ కోటు వేసుకుని వచ్చాడు. లేచి నిలబడి, అరవకుండా, మామూలుగానే చెప్పాడు. "ఆ కంచెలో ఇరవై ఏళ్లూ మా గుర్రాలు పడుకున్నాయి. ఆ గడ్డి మొలిచింది నేల జ్ఞాపకంలోంచి కాదు, మా గుర్రాల వెనకనుంచి. స్తుర్లాకి తెలుసు. తన కళ్లతో చూశాడు. నువ్వే చెప్పు నాయనా."

హాలంతా నవ్వింది. తరవాత అందరూ స్తుర్లా వైపు తిరిగారు.

"ఒక్క రాత్రి ఉన్న మాట నిజం" అన్నాడు స్తుర్లా. "అది నేనిచ్చిన అనుమతి."

"మరి అంతకు ముందు ఏళ్లన్నిటికీ ఎవడిచ్చాడు అనుమతి?" అంది వెనక వరసలోంచి ఫిన్నా. "ఆ పేడంతా ఎవరు పెట్టారు, నువ్వా?"

"అంతకు ముందు సంగతికి రుజువేమైనా ఉందా?" స్తుర్లా కళ్లద్దాలు తీసి తుడిచాడు. "కొలిచారా? ఎక్కడైనా నమోదు చేశారా? బాధలో ఉన్నవాళ్లు ఏదో ఒకటి అంటారు, నేను అర్థం చేసుకోగలను. కానీ సైన్స్‌కి రుజువు కావాలి."

పేడని ఎవరు కొలుస్తారు? ఇల్లుగి ముక్కుపొడి డబ్బీ జేబులోంచి తీసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. "అలాగా" అని కూర్చున్నాడు. మర్నాడు పేపర్లో, రైతులు శాస్త్రం మీద నింద వేశారని రాశారు. స్తుర్లాకి సిగ్గేసింది. వేసిన మాట నిజమే. అది రెండో కప్పు కాఫీ దాకా ఉంది.

గొర్రెలు పోయాయి. గొర్రెలు లేవు కాబట్టి తోలేవాళ్లు లేరు. తోలేవాళ్లు లేరు కాబట్టి సెప్టెంబర్‌లో కొండ మీదకి ఒక్క గుర్రం కూడా ఎక్కలేదు. ఇంత చిన్న లెక్క డైరెక్టర్ గారికి తట్టలేదు, ఆయన కొత్త ఆఫీసుకి కర్టెన్ల రంగు ఎంచుకునే పనిలో ఉన్నాడు. మొదటి జులైలో గడ్డి బాగానే ఉంది. రెండో జులైలో పాలిపోయింది. మూడో జులైకి చీలమండ కూడా దాటలేదు, మధ్యమధ్య నల్లటి రాళ్లు పళ్లు బయటపెట్టి నవ్వాయి. కంచె ఒకవైపు పూర్తిగా పడిపోయింది. ప్రపంచంలో అతి మంచి సంరక్షణలో ఉన్న రెండెకరాలు, గొర్రె లేదు, గుర్రం లేదు, మనిషి లేడు, మెల్లగా చుట్టూ ఉన్న బోడినేలలా మారిపోతున్నాయి. బయట మాత్రం గొర్రెలు పోయినందుకు రాళ్ల సందుల్లో అక్కడక్కడ చిన్న చిన్న గులాబీరంగు పువ్వులు మొదలయ్యాయి. నిజమైన ఫలితం అదే. కానీ దాన్ని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి, ఫోటోకి అది పనికిరాదు.

పై ఏడు వేసవిలో ఆరు దేశాల శాస్త్రవేత్తలు నేల జ్ఞాపకాన్ని కళ్లారా చూడ్డానికి వస్తున్నామని కబురు పెట్టారు. స్తుర్లా తల ప్రాణం తోకకి వచ్చింది. మూడు రోజులు ఆలోచించి, ఇల్లుగికి ఫోన్ చేశాడు.

"ఇల్లుగీ, నేను స్తుర్లాని. ఎలా ఉన్నారంతా?"

"ఉన్నాం."

"ఏం లేదు, ఈ సెప్టెంబర్‌లో నీ గుర్రాల్ని ఓ రెండు రాత్రులు కొండ మీదకి... కంచె నేనే బాగుచేయిస్తాను."

"ఏ పని మీద?"

"ఊరికే. షికారుగా."

"వానలో షికారా? గొర్రెలు లేకుండా గుర్రాలేసుకుని కొండెక్కితే పిచ్చోడంటారు నన్ను. అయినా గుర్రాలెక్కడివి? అమ్మేశాం. తెల్లది ఒక్కటే ఉంది, దాన్నెవరూ కొనలేదు, ముసలిది."

ఫోన్లో గడియారం చప్పుడు వినిపించింది.

"పేడ కావాలా నీకు?" అన్నాడు ఇల్లుగి.

"అవును."

"కొట్టం వెనక ఉంది, ఏళ్లనాటిది, బాగా మాగింది. పార నేనిస్తాను. ఎత్తేది నువ్వే."

ఆదివారం, రోడ్డు మీద ఎవరూ లేని వేళ చూసి స్తుర్లా వచ్చాడు. కారు తలుపు మీద సంస్థ గుర్తు ఉంటే దానిమీద కోటు వేలాడదీశాడు. ఇల్లుగి బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఇక్కడ తవ్వు, అక్కడ తవ్వు అని చూపించాడు. తెల్ల గుర్రం సగం తలుపు మీంచి తల బయటపెట్టి, తన సరుకు ఎక్కడికి పోతోందో చూస్తూ నిలబడింది. స్తుర్లా మోకాళ్లు నొప్పెట్టాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. ఫిన్నా కాఫీ, నూనెలో వేయించిన తీపి ముక్కలు పట్టుకొచ్చి గట్టుమీద పెట్టింది.

"తాగు డైరెక్టరూ. ఇరవై ఏళ్లు మా గుర్రాలు నిద్రపోతూ చేసిన పని ఇది. చూశావా, ఇప్పుడు దీనికి ఎంత చదువు కావలసొచ్చిందో."

స్తుర్లా కాఫీ కప్పు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసి, ఇల్లుగి దగ్గరకి జరిగి, గొంతు బాగా తగ్గించాడు.

"ఈ సంగతి ఎవరికీ చెప్పవు కదా?"

"ఒకసారి చెప్పాం కదా" అన్నాడు ఇల్లుగి. "రుజువేదన్నావు."

అతను లేచి, నిండిన బస్తా మూతి తాడుతో బిగించి, రెండు చేతులా ఎత్తి స్తుర్లా భుజం మీద పెట్టాడు.

"ఇదిగో. మోసుకుపో."